బీఫ్ తినని వాళ్లకి వాటాబర్గర్‌లో ఏం దొరుకుతుంది?

"డల్లాస్‌కి ఎంఎస్ చేయడానికి వస్తున్నాను. బీఫ్ తినను. సీనియర్లంతా వాటాబర్గర్, వాటాబర్గర్ అంటున్నారు. నాలాంటి వాడు అక్కడికి వెళ్తే తినడానికి ఏమైనా ఉంటుందా?" అని అడిగావు కదా. వాటాబర్గర్ అంటే టెక్సాస్‌లో పుట్టిన ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ల చెయిన్.

ఉంటుంది తమ్ముడూ, టెన్షన్ పడకు. నేనూ బీఫ్ తినను. డల్లాస్ దగ్గర్లోని డెంటన్‌లో చదివిన రెండేళ్లూ అర్ధరాత్రి ఆకలేస్తే మా రూమ్మేట్లం వెళ్లింది అక్కడికే. చాలా బ్రాంచీలు 24 గంటలూ తెరిచే ఉంటాయి.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకో. మన దగ్గర చికెన్ బర్గర్ అంటాం. అమెరికాలో బర్గర్ అంటే బీఫే, చికెన్ పెడితే దాన్ని శాండ్‌విచ్ అంటారు. వచ్చిన కొత్తలో వేరే ఒక చోట డ్రైవ్-త్రూలో చికెన్ బర్గర్ అని అడిగాను. వాళ్లకి బర్గర్ ఒక్కటే వినిపించినట్టుంది. రూముకొచ్చి ఒక ముక్క కొరికాక తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి పొట్లం విప్పి చూశాకే అక్కణ్ణించి కదులుతాను. నువ్వూ అలాగే చెయ్యి.

వాటాబర్గర్‌లో అయితే "వాటాచికెన్ శాండ్‌విచ్" అని అడుగు. హలపేన్యో మిరపకాయ ముక్కలు వేయమని చెప్పు. మన నోటికి ఆ కారం లేకపోతే చప్పగా ఉంటుంది. స్పైసీ కెచప్ కూడా రెండు మూడు ఎక్కువే అడుగు.

నాకు ప్రాణం మాత్రం హనీ బటర్ చికెన్ బిస్కెట్. బిస్కెట్ అంటే మన టీలో ముంచుకునేది కాదు, మెత్తగా పొరలు పొరలుగా విడిపోయే బన్నులాంటిది. మధ్యలో కరకరలాడే చికెన్, పైన తేనె కలిపిన వెన్న. ఇది టిఫిన్ మెనూలోది కాబట్టి రాత్రి 11 నుంచి పొద్దున 11 వరకే ఇస్తారు. పరీక్షల రోజుల్లో లైబ్రరీ నుంచి వస్తూ పదకొండు ఎప్పుడవుతుందా అని కార్లో కూర్చుని చూసేవాళ్లం. అదే మెనూలో టకీటో ఉంటుంది, గుడ్డూ చీజూ చుట్టిన రొట్టె. అందులో బంగాళాదుంప వేసింది తీసుకో. మిగతావాటిలో వేసే సాసేజ్, బేకన్ రెండూ పందిమాంసం.

పూర్తి శాకాహారులకి మాత్రం ఫ్రైస్, ఆపిల్ పై, షేక్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

టెక్సాస్ వాళ్లకి వాటాబర్గర్ అంటే ఎంత అభిమానమో వచ్చాక నువ్వే చూస్తావు. 1950లో టెక్సాస్‌లోని కార్పస్ క్రిస్టీ ఊళ్లో హార్మన్ డాబ్సన్ చిన్న బడ్డీకొట్టుగా మొదలుపెట్టాడు. బర్గర్‌ని రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పెద్దగా, ఐదంగుళాల బన్నుతో చేయాలన్నది ఆయన పట్టుదల. చాలామంది పేరుని "వాటర్‌బర్గర్" అని పలుకుతారు. తికమక పడకు, అదీ ఇదే. నారింజ, తెలుపు చారల పైకప్పు కనిపిస్తే చాలు. లోపల కూర్చుంటే టేబుల్ మీద పెట్టుకోవడానికి నారింజ రంగు నంబరు ఇస్తారు, అది చూసి వాళ్లే తెచ్చి ఇస్తారు.