లైబ్రరీకి పుస్తకాలిద్దాం అనుకుంటున్నారా? ముందు ఓ మాట అడగండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ కాలేజీ పిల్లలవే, దాదాపు అందరూ అడిగింది కూడా ఒకటే, పుస్తకాల డొనేషన్ డ్రైవ్ గురించి. అందుకే ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మేం డిగ్రీ సెకండియర్. మా క్లాస్ వాళ్ళమంతా కలిసి ఒక చిన్న లైబ్రరీకి, దాని పక్కనే ఉన్న స్కూల్ పిల్లలకి పుస్తకాలు కలెక్ట్ చేసి ఇద్దామనుకుంటున్నాం. పోస్టర్ రెడీ, వాట్సాప్ గ్రూప్ రెడీ, బాక్సులు ఎక్కడెక్కడ పెట్టాలో కూడా అనేసుకున్నాం. ఇంకేం చూస్కోవాలి?

జవాబు: పోస్టర్ ఓ వారం ఆపండమ్మా. ముందు ఇద్దరు ముగ్గురు కలిసి ఆ లైబ్రరీకి వెళ్ళండి, లైబ్రేరియన్ గారికి తీరిక ఉన్న టైం కనుక్కుని కూర్చుని అడగండి, మీ దగ్గరికి ఎవరెవరు వస్తారు, ఏం అడుగుతారు, అడిగినా మీ దగ్గర లేనివేంటి, షెల్ఫుల్లో ఎంత చోటుంది అని. పిల్లలు చదివీ చదివీ చింపేసిన పుస్తకాలేంటో కూడా అడగండి, అవి మళ్ళీ కావాలని అర్థం కదా. ఆవిడ చెప్పింది ఒక కాగితం మీద రాసుకుని, పోస్టర్‌లో అదే వేయండి. "మీ దగ్గరున్న ఏ పుస్తకమైనా ఇవ్వండి" అని వేస్తే జనం ఇంట్లో అడ్డంగా ఉన్నవన్నీ తెచ్చి పడేస్తారు, "ఆరు నుంచి పదేళ్ళ పిల్లలకి కథల పుస్తకాలు, బొమ్మలున్న సైన్సు పుస్తకాలు, మంచి డిక్షనరీలు కావాలి" అని వేస్తే అవే వెతికి తెస్తారు. తక్కువొస్తాయి నిజమే, కానీ వచ్చినవన్నీ షెల్ఫెక్కుతాయి.

లైబ్రరీ సైన్స్ చదివినవాళ్ళకి, మన దేశంలో ఆ శాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో పుస్తకంగా వేసిన ఐదు సూత్రాలు తెలిసే ఉంటాయి. అందులో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. డ్రైవ్ పెట్టే మనం దాదాపు ఎప్పుడూ మూడోదాంతోనే మొదలెడతాం, చేతిలో పుస్తకం ఉంది, దీన్ని చదివేవాళ్ళు ఎక్కడున్నారు అని. మీరు రెండోదాంతో మొదలెట్టండి, అక్కడో పాప ఉంది, ఆ పాపకి ఏం కావాలి అని. ఈ ఒక్కటి మార్చుకుంటే మిగతా పనులన్నీ వాటంతటవే దారిలో పడతాయని నేను గట్టిగా నమ్ముతాను.

టైం సంగతికొస్తే, సెమిస్టర్ అయిపోయి హాస్టల్ రూములు ఖాళీ చేసే రోజులు పెద్దవాళ్ళ పుస్తకాలకి బావుంటాయి. పిల్లల పుస్తకాలకైతే ఏప్రిల్ 2 అంతర్జాతీయ బాలల పుస్తక దినోత్సవం, ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం, ఈ రెండిటి మధ్య మూడు వారాలు పెట్టుకోవచ్చు, అప్పుడు ఎలాగూ అందరి నోటా పుస్తకాల మాటే ఉంటుంది. పరీక్షలు అడ్డొస్తే మాత్రం వేరే తేదీ చూస్కోండి.

ప్రశ్న: మా దగ్గర ఇప్పటికే ఒక రూం నిండా పుస్తకాలు పోగయ్యాయి. ఏది ఉంచాలి ఏది తీసేయాలి అని రోజూ గొడవే. మాలో సగంమందేమో, ఇచ్చినవాళ్ళు బాధపడతారు, అన్నీ ఇచ్చేద్దాం అంటున్నారు.

జవాబు: అన్నీ ఇచ్చేయొద్దు తమ్ముడూ. మీరు తీసేయని పుస్తకం అక్కడ లైబ్రేరియన్ తీసేయాలి, ఆ పని ఆవిడ నెత్తిన పడుతుంది. లైబ్రరీలోకొచ్చే ప్రతి పుస్తకాన్నీ యాక్సెషన్ రిజిస్టర్‌లో రాయాలి, నంబరివ్వాలి, స్టాంపెయ్యాలి, ఏ సబ్జెక్టో చూసి లేబుల్ అంటించాలి, చాలా చోట్ల ఇదంతా ఒక్క మనిషే చేస్తారు.

పుస్తకం చేతిలోకి తీసుకుని ముందు వాసన చూడండి, ముక్కిపోయిన వాసనొస్తే పక్కన పెట్టండి. తర్వాత సరిగ్గా మధ్యలో తెరిచి కుట్టు దగ్గర వేలితో రుద్దండి, తెల్లగానో పచ్చగానో పొడిలా వస్తే అది బూజు, దాన్ని వెంటనే వేరే కవర్లో కట్టేసి మిగతావాటికి దూరంగా పెట్టాలి, లేకపోతే ఒకే పెట్టెలో ఉన్న మంచి పుస్తకాలకి కూడా పాకుతుంది. పురుగులు రాకుండా అని పిల్లల పుస్తకాల్లో నాఫ్తలీన్ ఉండలు వేస్తుంటారు కొందరు, దయచేసి ఆ పని చేయకండి, చిన్నపిల్లలకి అది విషం. కొంచెం చెమ్మగా ఉన్న పుస్తకాన్ని ఎండలో కాకుండా నీడలో ఫ్యాన్ కింద పేజీలు విడదీసి నిలబెట్టండి. ఇంకోటి, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని ఒకసారి దులపండి, ఉత్తరాలు, ఫోటోలు, మార్కుల మెమోలు రాలుతుంటాయి, ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఎక్కడా సంపాదించుకోలేనివి, జాగ్రత్తగా తిరిగిచ్చేయండి.

ఇక లోపలున్న విషయం. అట్లాస్ వస్తే ఆఫ్రికా పేజీ తీయండి, సౌత్ సూడాన్ లేకపోతే అది 2011కి ముందుది. సైన్సు పుస్తకంలో తొమ్మిది గ్రహాలుంటే అది 2006కి ముందుది, ఎందుకంటే ప్లూటోని మరుగుజ్జు గ్రహం అన్నది ఆ ఏడాదే. పెద్దవాళ్ళకి అది పాత పుస్తకం అని తెలుస్తుంది, తొమ్మిదేళ్ళ పిల్లకి తెలీదు, అచ్చులో ఉంది కాబట్టి నిజమే అనుకుని రేపు పరీక్షలో రాస్తుంది. సిలబస్ మారిన టెక్స్ట్‌బుక్కులు, పాత ఎంట్రన్స్ గైడ్లు, పెన్నుతో నింపేసిన వర్క్‌బుక్కులు, ఎప్పటివో కంప్యూటర్ కోర్సు పుస్తకాలు కూడా అంతే. కథలకి మాత్రం పాతదనం పెద్ద లెక్కలోది కాదు, పేజీలు ఊడకుండా ఉంటే చాలు.

ఇచ్చినవాళ్ళు బాధపడతారు అన్నావు కదా, బాక్సు మీదే ముందుగా రాసేయండి, "లైబ్రరీకి పనికిరానివి పేపర్ రీసైక్లింగ్‌కి వెళ్తాయి" అని. అది చదివి కూడా వేసినవాళ్ళు తర్వాత బాధపడరు.

మిగిలిన మంచి పుస్తకాల లిస్ట్ ఫోన్‌తోనే చేసేయొచ్చు. వెనకట్ట మీద ఐఎస్‌బీఎన్, అంటే ఆ పుస్తకానికని ఇచ్చిన నంబరు, బార్‌కోడ్‌తో పాటు ఉంటుంది, 2007 నుంచి ఆ నంబరు 13 అంకెలు, అంతకుముందు 10. స్కాన్ చేస్తే చాలా పుస్తకాలకి పేరు, రచయిత అవే వచ్చేస్తాయి, ఒక షీట్‌లో పెట్టి ముందే లైబ్రేరియన్‌కి పంపితే ఆవిడ వద్దన్నవి అక్కడిదాకా మోసుకెళ్ళక్కర్లేదు. మోయడం అంటే గుర్తొచ్చింది, పెద్ద పెట్టెలు వాడకండి, ఏ4 కాగితం కట్టలొచ్చే పెట్టె సైజు సరిపోతుంది, అది నిండితేనే పది కిలోలు దాటుతుంది.

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను లైబ్రేరియన్‌ని. పిల్లలు ఎంతో ప్రేమగా తెస్తారు, వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. తీసుకుంటే పెట్టడానికి చోటు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇబ్బంది అర్థమైందండీ, మొహం మీద వద్దనడం ఎవరికైనా కష్టమే. అందుకే ఆ మాట కాగితం చేత చెప్పించండి. లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య ఇఫ్లా 2008లో దానంగా వచ్చే పుస్తకాల మీద గైడ్‌లైన్స్ తెచ్చింది, ఏం తీసుకుంటాం ఏం తీసుకోం అనేది ముందే రాసిపెట్టుకోమనే అది కూడా చెప్తుంది. మీరూ ఒక పేజీ రాసి గోడకి అంటించండి, తీసుకున్నాక ఉంచాలా వేరే చోటికివ్వాలా అనేది లైబ్రరీ ఇష్టం అనే వాక్యం తప్పకుండా పెట్టండి. ఆ పిల్లల్ని మాత్రం వదులుకోకండి. పుస్తకాలు వద్దన్న రోజే, శనివారం వచ్చి రిజిస్టర్ రాయడానికి, చిరిగిన అట్టలు అతకడానికి సాయం చేస్తారా అని అడిగి చూడండి, చాలామంది వస్తారు.

ప్రశ్న: చిన్నపిల్లలకి అసలు ఎలాంటి పుస్తకాలు తీసుకోవాలి? మాలో ఎవరికీ ఐడియా లేదు.

జవాబు: మూడేళ్ళలోపు పిల్లలకి దళసరి అట్టపేజీల పుస్తకాలు, వాళ్ళు నోట్లో పెట్టుకుంటారు, నేలకేసి కొడతారు, అవన్నీ తట్టుకోవాలి. ఆ తర్వాత బొమ్మల పుస్తకాలు, ఇవి ఎక్కువగా 32 పేజీలుంటాయి, ఒక్క కూర్చోడంలో చదివి వినిపించేయొచ్చు. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి అక్షరాలు పెద్దగా, పేజీకి రెండు మూడు వాక్యాలున్నవి. తొమ్మిది పదేళ్ళు దాటినవాళ్ళకి వాళ్ళనే అడగండి, కామిక్స్ అంటే కామిక్సే ఇవ్వండి, కామిక్స్ చదవడం కూడా చదవడమే, ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలో పుస్తకాలు సగమన్నా ఉండాలి. డొనేషన్‌లో ఇంగ్లీషువే కుప్పలుగా వస్తాయి కాబట్టి ఈ సగం దానంతటది రాదు, వెతకాలి, లేకపోతే కొంత డబ్బు పోగేసి ఆ లిస్ట్‌వి కొత్తవి కొనాలి. చూపు సరిగ్గా లేని పిల్లలున్నారేమో కూడా స్కూల్లో కనుక్కోండి, పెద్దక్షరాల పుస్తకాలో బ్రెయిలీ పుస్తకాలో కావాలంటే వాటికీ ఆ డబ్బులో కొంత తీసి పెట్టాలి.

ఇచ్చే రోజు పెట్టెల్ని అలా వదిలేసి రాకండి. పుస్తకాలు అట్ట బయటికి కనిపించేలా బల్లల మీద పరిచి, పిల్లల్ని తిరగనివ్వండి, తీయనివ్వండి, నచ్చకపోతే మళ్ళీ పెట్టేయనివ్వండి. ఒక బాబు డైనోసార్ పుస్తకం తీసి అక్కడే నేల మీద కూర్చుని పేజీలు తిప్పుతుంటే, పక్కనున్న పాప వాడి భుజం మీద నుంచి తొంగి చూస్తూ ఉంటుంది, అప్పుడు మీలో ఒకరు వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని పైకి చదవండి. ఏ పుస్తకాల చుట్టూ పిల్లలు మూగారు, ఏవి కదలనే లేదు అనేది రాసుకోండి, వచ్చే ఏడాది మీ జూనియర్లకి ఆ కాగితం ఇవ్వండి.

ప్రశ్న: పుస్తకం లోపల మా కాలేజీ పేరు, ఇచ్చినవాళ్ళ పేరు స్టిక్కర్ వేయొచ్చా? పిల్లలతో ఫోటోలు ఇన్‌స్టాలో పెట్టొచ్చా?

జవాబు: చిన్న స్టిక్కర్ వేయొచ్చు, లైబ్రేరియన్ ఒప్పుకుంటే, మొదటి అట్ట లోపలివైపు, బొమ్మల మీద పడకుండా. ఫోన్ నంబర్లు వద్దు. ఫోటోల విషయంలో స్కూలువాళ్ళూ అమ్మానాన్నలూ సరే అంటేనే పిల్లల మొహాలు పెట్టండి, లేదంటే పుస్తకాల బల్ల ఫోటో పెట్టండి, సరిపోతుంది.