స్టాఫ్ నర్సా, ఎంపీహెచ్‌నా?

ప్రశ్న: మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. బీఎస్సీ నర్సింగ్ ఆఖరి ఏడాది. మావాళ్ల పద్ధతులు, నమ్మకాలు కలుపుకొని గూడేలకు ఆరోగ్య ప్రణాళికలు వేసే పని చేయాలని ఉంది. నాన్న స్టాఫ్ నర్సు నోటిఫికేషన్ చూసుకోమంటున్నారు. నేననుకునే పనికి అసలు ఉద్యోగాలుంటాయా?

జవాబు: ఆ పేరుతో నోటిఫికేషన్ రాదమ్మా. పని మాత్రం ఉంది.

ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. ఆసుపత్రికి ఎందుకు రారని గోండులనే అడిగారు. పెద్ద భవనమంటే భయమన్నారు, తోడొచ్చినవాళ్లు ఉండటానికి చోటేదన్నారు. తెల్లబట్టలు శవానికి కప్పేవి కదా, డాక్టర్లు అవే వేసుకుంటారేమిటన్నారు. దాంతో వార్డులు గుడిసెల్లా కట్టారు, ఆసుపత్రికి దంతేశ్వరి అమ్మవారి పేరు పెట్టారు. ఏటా అమ్మవారి జాతర చేస్తారు. దాంతోపాటే ఊళ్ల పెద్దలు కూర్చుని తమను ఏ జబ్బు ఎక్కువ బాధపెడుతోందో చెబుతారు. మలేరియా అలాగే ముందుకొచ్చింది. మీరడిగిన ప్రణాళిక ఇదే. ఆసుపత్రి గోడ మీద గుస్సాడీ నాట్యం బొమ్మ వేయించి ‘సంప్రదాయం’ అనేవాళ్లనూ చూశాను, అది వేరే సంగతి.

మీ దగ్గర తగవులు, కట్టుబాట్లు మాట్లాడుకునే రాయిసెంటర్లున్నాయి, వాటి పెద్దలు సార్మేడీలున్నారు, కేస్లాపూర్‌ జాతరలో అధికారులు మీ సమస్యలు వినే నాగోబా దర్బారు ఉంది. బాలింతలకు, గర్భిణులకు ఇప్పపువ్వు లడ్డూ ఇవ్వడం మీ ఉట్నూరులోనే చూసుంటారు. అసలు కష్టం సికిల్ సెల్ దగ్గరుంది, తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే రక్తజబ్బు అది. 2047కల్లా దాన్ని లేకుండా చేయాలని కేంద్రం 2023లో మిషన్ మొదలుపెట్టింది. రక్తపరీక్ష చేసి, ఫలితం తెలిపే కార్డు చేతికిస్తున్నారు. కానీ మీలో సంబంధం చూసేటప్పుడు నాలుగు దేవుళ్లవాళ్లా, ఏడు దేవుళ్లవాళ్లా అని సగ, అంటే వంశం, చూస్తారు కదా. ఆ మాటల మధ్యలో కార్డు కూడా చూడండని చెప్పాలంటే ఎవరు చెప్పాలి, ఎప్పుడు, ఏ మాటతో? పిల్లకు మచ్చ పడకుండా ఎలా? హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారికి ఇది చేతకాదు. మీకూ ఒక్కరోజులో రాదు.

అందుకే నాన్నగారి మాట కొట్టేయకండి. ముందు నర్సుగా రిజిస్ట్రేషన్, ఆపై ఏజెన్సీలో పీహెచ్‌సీయో, పల్లె దవాఖానాయో చూసుకోండి. రెండు మూడేళ్లు చేస్తూ ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ గర్భిణి కాన్పుకు రాలేదు, ఎందుకు రాలేదు, మంత్రసాని ఏమంది, అన్నీ రాయండి. మంత్రసాని చెప్పిందల్లా సరైందని కాదు. రక్తస్రావమైతే అంబులెన్సే ఎక్కించాలి. ఆమె మాట వినకపోతే మాత్రం ఆ ఇంట్లో మీ మాటా వినరు.

తర్వాత రెండేళ్ల ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) హైదరాబాద్ చూడండి. ఇంటర్వ్యూలో మార్కుల కంటే ఆ నోట్‌బుక్కే ఎక్కువ పనికొస్తుంది. విదేశాల్లో చదవాలనుకుంటే కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. దేశమంతటికీ ఏడాదికి 20 మందికే, కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. చదువయ్యాక జాతీయ ఆరోగ్య మిషన్‌లో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ కార్యక్రమాల్లో, సెర్చ్‌లాంటి సంస్థల్లో అవకాశాలుంటాయి. చాలావరకు కాంట్రాక్టువే. ఈ మాట నాన్నగారికి ముందే చెప్పండి.

ఒక చిన్న మాట. మీరు పంపిన బయోడేటాలో గోండీ వచ్చని చివర్న, ‘ఇతర భాషలు’ కింద రాశారు. దాన్ని పైకి తీసుకురండి, నర్సింగ్ పక్కనే.