ఒలింపిక్స్‌ని ఏడాది వెనక్కి జరిపితే ఎవరికి దెబ్బ?

అడిగిన ప్రశ్న ఇది: "కరోనా టైంలో టోక్యో ఒలింపిక్స్‌ని ఏడాది వాయిదా వేశారు. తేదీ మార్చడానికి అంత గొడవ ఎందుకైంది? ఆటగాళ్లకి ప్రాక్టీసుకి ఇంకో ఏడాది దొరికింది కదా, మంచిదేగా?"

నేను కూకట్‌పల్లి వైపు ఒక రేకుల షెడ్డులో పిల్లలకి షటిల్ నేర్పిస్తాను. ఒలింపిక్స్‌కి ఎవరినీ పంపినవాణ్ణి కాదు. కానీ హైదరాబాద్‌లో షటిల్‌తో బతికేవాళ్లందరికీ ఆ రెండేళ్లు గట్టిగానే తగిలాయి, కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

తేదీ మార్చడం వరకూ తొందరగానే అయిపోయింది. 2020 మార్చి 22న కెనడా తమ జట్టును పంపేది లేదని చెప్పేసింది. రెండు రోజులకి వాయిదా ప్రకటన వచ్చింది. 30వ తేదీకల్లా కొత్త తేదీలు కూడా చెప్పేశారు. 2020 జూలై 24 శుక్రవారం మొదలవ్వాల్సినవి 2021 జూలై 23 శుక్రవారానికి వెళ్లాయి. సరిగ్గా 52 వారాలు. అలా వారాలు కలిపితే ఏ రోజు ఏ ఆట అనే షెడ్యూల్‌ని పెద్దగా కదపక్కర్లేదు. పేరు కూడా టోక్యో 2020 అనే ఉంచారు. 1916, 1940, 1944 ఒలింపిక్స్ యుద్ధాల వల్ల రద్దయ్యాయి గానీ వాయిదా పడటం మాత్రం అదే మొదటిసారి.

గొడవంతా ఆ తేదీకి అటూ ఇటూ ముందే కుదుర్చుకున్న వాటితో వచ్చింది. 2021 ఆగస్టులో అమెరికాలోని యూజీన్‌లో ప్రపంచ అథ్లెటిక్స్ పెట్టుకున్నారు, దాన్ని 2022 జూలైకి జరిపారు. అది అయిన నాలుగు రోజులకే బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ క్రీడలు. మన షటిల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్పెయిన్‌లోని వెల్వాలో ఆగస్టు నుంచి డిసెంబర్‌కి పోయింది. అథ్లెట్ల కోసం టోక్యోలో కట్టిన ఫ్లాట్లలో కొన్నిటిని ముందే అమ్మేశారు, కొన్నవాళ్లు గృహప్రవేశం కోసం కూర్చోవాల్సి వచ్చింది. (మన దగ్గర బిల్డర్లు ఏ ఒలింపిక్సూ లేకుండానే ఈ పని చేస్తారు, అది వేరే సంగతి.)

ఇదంతా డబ్బుతో, మీటింగులతో సర్దుకునే వ్యవహారం. సర్దుకోనిది క్వాలిఫికేషన్. షటిల్‌లో ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే ఏడాది పాటు టోర్నమెంట్లు ఆడి పాయింట్లు కూడబెట్టాలి. మామూలుగా అయితే ఆ లెక్క 2020 ఏప్రిల్ చివర్లో ముగిసేది. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టోర్నమెంట్ అయ్యాక అన్నీ ఆగిపోయాయి. అప్పటిదాకా వచ్చిన పాయింట్లు ఉంచి, గడువును 2021 జూన్ దాకా పొడిగించారు. న్యాయమైన నిర్ణయమే, నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ ఆడటానికి టోర్నమెంట్లు ఉండాలి కదా. చివర్లో మిగిలిన మూడూ, అంటే ఢిల్లీలో ఇండియా ఓపెన్, తర్వాత మలేసియా, సింగపూర్, సెకండ్ వేవ్ దెబ్బకి వరసగా పోయాయి. సైనా, శ్రీకాంత్ ఇద్దరికీ టోక్యో దారి అక్కడే మూసుకుపోయింది. ఓడిపోయి ఆగితే ఒక రకం, ఆడే ఛాన్సే లేకుండా ఆగిపోవడం ఇంకో రకం. అదే శ్రీకాంత్ ఆ డిసెంబర్‌లో వెల్వాలో రజతం తెచ్చాడు. ఆటలో దమ్ము లేక ఆగలేదని అర్థమైంది కదా.

"ఇంకో ఏడాది ప్రాక్టీసు దొరికింది కదా" అన్నది అందరికీ వర్తించదు. సింధు విషయంలో కొంతవరకు నిజమే. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో కొరియా కోచ్ పార్క్ దగ్గర ప్రాక్టీస్ చేసింది. పెద్ద హాలు, ఏసీ గాలికి షటిల్ పక్కకి లాగుతుంది, పెద్ద టోర్నమెంట్లలో ఉండే పరిస్థితి అది. అక్కణ్ణుంచి వెళ్లి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది ఆలస్యం స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కి శాపమైంది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో సింధుని ఓడించిన మనిషి, టోక్యోకి రెండు నెలల ముందు మోకాలు దెబ్బతిని తప్పుకుంది. 2020లోనే జరిగి ఉంటే ఏమయ్యేదో మా షెడ్డులో ఇప్పటికీ వాదిస్తుంటారు, నేను తల దూర్చను.

ఇంకో విషయం, శరీరాన్ని ఒక తేదీకి సిద్ధం చేస్తాం. ముందు బరువులు, పరుగు, తర్వాత స్పీడు, చివరి వారాల్లో లోడ్ తగ్గించడం. తేదీ మారితే ఆ వరసంతా మళ్లీ మొదటి నుంచి. ఒక్కసారి మారితే ఫర్వాలేదు. దేశాల జట్లు ఆడే షటిల్ పోటీలు థామస్, ఊబర్ కప్‌లు డెన్మార్క్‌లో 2020 మేలో అన్నారు, ఆగస్టు అన్నారు, అక్టోబర్ అన్నారు, చివరికి 2021 అక్టోబర్‌లో జరిపారు. దీనికంటే మొదట్లోనే ఏడాది అని తేల్చి చెప్పిన ఒలింపిక్స్ వాళ్లే నయం. ఎప్పుడో తెలియని టోర్నమెంట్ కోసం పిల్లలతో చెమటలు కక్కించడం ఎంత కష్టమో నాకు బాగా తెలుసు. లాక్‌డౌన్‌లో ఫోన్ వీడియోలో చూస్తూ డాబాల మీద ఫుట్‌వర్క్ చేయించాను. రెండు వారాలు ఉత్సాహంగా చేశారు. తర్వాత కింద ఫ్లాట్ వాళ్లతో గొడవలు, "సార్, టోర్నమెంట్ ఎప్పుడు?" అనే ప్రశ్నలు. నా దగ్గర జవాబు ఉంటే కదా!

అసలు దెబ్బ తగిలింది ఆ వయసు వాళ్లకే, వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. టీవీ డబ్బులున్న పెద్ద పోటీలు వాయిదా పడ్డాయి, జూనియర్ పోటీలు రద్దయ్యాయి. ఆక్లాండ్‌లో జరగాల్సిన 2020 ప్రపంచ జూనియర్ షటిల్ పోటీలను ముందు 2021 జనవరికి జరిపి, తర్వాత తీసేశారు. 2021వి కూడా జరగలేదు. మన దేశంలో జరగాల్సిన అండర్-17 అమ్మాయిల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌దీ అదే కథ. 2020 నవంబర్ నుంచి 2021 ఫిబ్రవరికి మార్చి, ఆపైన రద్దు చేసి, 2022 పోటీని మనకిచ్చారు. దేశానికి కప్ దక్కింది. 2020 కోసం క్యాంపుల్లో కష్టపడిన అమ్మాయిల్లో చాలామందికి మాత్రం వయసు దాటిపోయింది.

నా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి 2020 అండర్-17లో ఆఖరి ఏడాది. స్టేట్‌లో మంచి ర్యాంకు వస్తుందని నాకు నమ్మకం ఉండేది. కోర్టులు తెరిచేసరికి ఆమె అండర్-19లో కిందనుంచి మొదలుపెట్టాలి, పైగా ఇంటర్ ఎంపీసీ. వాళ్ల నాన్న మూసాపేటలో టిఫిన్ సెంటర్ నడుపుతాడు, లాక్‌డౌన్‌లో అదీ మూతపడింది. "ఎంసెట్ అయ్యాక చూద్దాం సార్" అన్నాడు. ఆయన్ని ఏమనగలను?

టోక్యోలో మగవాళ్ల ఫుట్‌బాల్‌కి అండర్-23 నియమం ఉంటే, ఏడాది వాయిదా పడింది కాబట్టి 24 ఏళ్ల వాళ్లనీ ఆడనిచ్చారు. జట్టులో 18 మందికి బదులు 22 మందిని తీసుకునే వీలు ఇచ్చారు. నా ఉద్దేశంలో జూనియర్ పోటీలన్నిటికీ అదే చేసి ఉండాల్సింది: ఒక్క ఏడాది వయసు సడలింపు. "పెద్దవాళ్లని ఆడనిస్తే కింద బ్యాచ్ పిల్లలు నష్టపోరా?" అని మొన్న ఒక పేరెంట్ అడిగారు. నష్టపోతారు, అందుకే ఆ ఒక్క ఏడాదికి డ్రా పెద్దది చేయాలి, అంటే పోటీలోకి ఎక్కువమందిని తీసుకోవాలి. ఇంకో రోజు హాలు అద్దె, ఇంకొన్ని డబ్బాల షటిల్స్, అంపైర్లకి ఇంకో రోజు భత్యం. స్టేట్ స్థాయిలోనైనా అది భరించలేని ఖర్చేం కాదు.