ల్యాగ్ ఫేజ్‌లో బ్యాక్టీరియా ఖాళీగా ఉంటుందా? ఒక రాత్రి ల్యాబ్‌లో నేను చూసింది

మీరడిగింది ఇది కదా: ల్యాగ్ ఫేజ్‌లో, అంటే కొత్త మీడియంలో (బ్యాక్టీరియాకి తిండి ఉన్న ద్రవంలో) వేసిన మొదట్లో, కణాల సంఖ్య పెరగనప్పుడు అవి ఏం చేస్తా ఉంటాయి, గ్లూకోజూ లాక్టోజూ అనే రెండు చక్కెరలూ వేసిన మీడియంలో పెరుగుదల గ్రాఫ్ మధ్యలో మెట్టులాగా ఎందుకు ఆగుతుంది అని. నోట్స్‌లో "అడ్జస్ట్ అవుతాయి" అని ఒక్క ముక్క ఉంటుంది, నేనూ డిగ్రీలో అదే రాసి మార్కులు తెచ్చుకున్నా, కానీ ఆ మాటతో ఏమీ తెలీదు. నాకు తెలిసింది తిరుపతిలో ఎమ్మెస్సీ చేసేటప్పుడు, ఒక రాత్రంతా ల్యాబ్‌లో కూర్చున్నాక.

ఎం9 అనే లవణాల మీడియంలో లీటరుకు గ్లూకోజ్ 0.4 గ్రాములు, లాక్టోజ్ 2 గ్రాములు. గ్లూకోజ్‌లో పెంచిన ఈ.కోలై బ్యాక్టీరియా కలిపి, షేకర్‌లో 37 డిగ్రీల దగ్గర పెట్టి, సాయంత్రం ఆరున్నర నుంచి 20 నిమిషాలకోసారి శాంపిల్ తీసి 600 నానోమీటర్ల దగ్గర ఓడీ (కల్చర్ ఎంత మబ్బుగా ఉందో, అంటే కణాలు ఎంత పెరిగినాయో చెప్పే అంకె) చూస్తా ఉన్నా. 0.05 దగ్గర మొదలై బాగానే ఎక్కతా వచ్చింది, పదిన్నరకి 0.48. తర్వాత 0.49. మళ్ళీ 0.49. షేకర్ ఆగిందేమో అని లేచిపోయి చూస్తే అది తిరగతానే ఉంది, కల్చరే చచ్చిపోయిందని కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, కిటికీలోంచి చూస్తే ఘాట్ రోడ్డు లైట్లు తప్ప ఊరంతా నిద్రపోతా ఉంది. నాతో ఉన్న సీనియర్ అక్క "పారబొయ్యొద్దు పాపా, ఇంకో రెండు రీడింగులు చూడు" అనింది. పదకొండున్నరకి 0.51, తర్వాత 0.60, పన్నెండూ పదికి 0.73.

అసలు విషయం ఓడీలో లేదు. ప్రతిసారీ కొంచెం శాంపిల్ ఐసులో దాచి పెట్టినాం కదా, తెల్లారేలోపు వాటికి ఓఎన్‌పీజీ టెస్ట్ చేసినాం. ఒక చుక్క టోలుయిన్ అనే ద్రావకం వేసి కుదిపితే కణాల పొరకి చిల్లులు పడతాయి, తర్వాత ఓఎన్‌పీజీ అనే రంగులేని రసాయనం కలిపితే, లోపల లాక్టోజ్‌ని విడగొట్టే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్ ఉంటే అది దాన్ని విడగొట్టి పసుపు రంగు తెప్పిస్తుంది. ముందు తీసిన ట్యూబులన్నీ నీళ్ళలాగా తేటగా ఉన్నాయి. 10.50 ట్యూబులో ఉందా లేదా అన్నంత పసుపు. 11.10 ట్యూబు తెల్ల కాగితం ముందు పెడితే బాగా తెలిసేంత పసుపు. రెండిట్లోనూ ఓడీ 0.49! సంఖ్య పెరగలేదు, ఎంజైమ్ పెరిగింది. ఆగిపోయింది అనుకున్న ఆ గంటలో కణాలు చేసిన పని అదే.

కారణం ఏందంటే గ్లూకోజ్ ఉన్నంతసేపు కణం లాక్టోజ్‌ని లోపలికే సరిగ్గా రానీదు, ఆ ఎంజైమ్ తయారీకి కావాల్సిన జీన్ మీద రెప్రెసర్ అనే అడ్డుకునే ప్రోటీన్ కూర్చోనుంటుంది. గ్లూకోజ్ అయిపోతానే సైక్లిక్ ఏఎంపీ (ఆ జీన్‌ని జోరుగా నడపమని చెప్పే సంకేత అణువు) పెరుగుతుంది, రెప్రెసర్ ఉన్నా కూడా లీకేజీ కింద ముందునుంచీ ఉన్న కొన్ని ఎంజైమ్ అణువులు కొంచెం లాక్టోజ్‌ని అలోలాక్టోజ్ అనే ఇంకో రూపంగా మారుస్తాయి, అది పోయి రెప్రెసర్‌ని పక్కకి తప్పిస్తుంది, అప్పుడు తయారీ ఊపందుకుంటుంది. ఖర్చు ఎంతో లెక్కేసి చూడండి. ఈ ఎంజైమ్‌లో నాలుగు గొలుసులు, ఒక్కోదాంట్లో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు, ఒక్కొక్కటి అతికించడానికి సుమారు నాలుగు ఏటీపీలంత (కణం ఎనర్జీకి ఖర్చుపెట్టే అణువులు) ఎనర్జీ పడుతుంది, అంటే ఒక్క అణువుకి దగ్గర దగ్గర 16 వేలు. అట్లాంటివి కణానికి వేలల్లో కావాలి, అదీ ఉన్న చక్కెర అయిపోయిన సమయంలో. అందుకే అవసరం లేనప్పుడు చెయ్యదు, అవసరం పడినప్పుడు లేటవుతుంది. ఈ మెట్టుని ముందు గమనించింది పారిస్‌లో జాక్ మోనో, 1940ల మొదట్లో, యుద్ధం మధ్యలో. ఆ ఒక్క వంపు వెంటబడి పోయి తోటి సైంటిస్టు జాకబ్‌తో కలిసి 1961లో జీన్ కంట్రోల్ ఎట్లా జరుగుతుందో రాసినాడు, 1965లో ఇంకో సైంటిస్టు ల్వోఫ్‌తో సహా ముగ్గురికీ నోబెల్ వచ్చింది. నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది ఈ మాట తలుచుకుంటే.

మామూలు ల్యాగ్ కూడా ఇట్లాంటిదే. రాత్రంతా ఉంచిన పాత కల్చర్‌లో కణాలకి రైబోజోములు (ప్రోటీన్లు తయారుచేసే యంత్రాలు) తగ్గిపోయుంటాయి, కొత్త మీడియంలోకి రాగానే ముందు వాటిని కట్టుకోవాల. అదే జోరుగా పెరగతా ఉన్న కల్చర్‌ని తీసి అదే మీడియంలో, అదే వేడిలో వేస్తే ల్యాగ్ దాదాపు ఉండదు. పుంగనూరు దగ్గర మా ఊర్లో మా అమ్మ ఫ్రిజ్‌లో నాలుగు రోజులున్న పెరుగుని తోడుకి వాడదు, "పాత తోడు పొద్దుపోయి తోడుకుంటుంది" అంటుంది. పొద్దున వేసిన తోడులోంచి తీసి సాయంత్రం పాలకి వేస్తే గబగబా గడ్డ కడుతుంది.

మీ ల్యాబ్‌లో చేసే వీలుంటే చెయ్యండి. గ్లూకోజ్ మాత్రం ఎక్కువెయ్యొద్దు, ఎక్కువైతే మెట్టు పైకి పోయి ఓడీ 1 దాటినాక వస్తుంది, అప్పుడు డైల్యూట్ చెయ్యకుండా రీడింగ్ నమ్మలేం. మెట్టు దగ్గరికి వచ్చినాక 20 కాదు, 10 నిమిషాలకోసారి శాంపిల్ తియ్యండి, ప్రతిదాంట్లో ఒక మిల్లీలీటరు ఐసులో పెట్టుకోండి. ఇంకో ఫ్లాస్క్‌లో లాక్టోజ్‌లోనే పెంచిన కణాలని ఒట్టి లాక్టోజ్‌లో వేసి పక్కనే నడపండి, దాంట్లో తొలి శాంపిల్ కూడా పసుపే వస్తుంది.