‘ఇనిషియలైజింగ్ డేటాబేస్’ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: నమస్కారం సార్. మాది పర్లాకిమిడిలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. అరువు ఖాతాలన్నీ కంప్యూటర్‌లోనే రాస్తాం. మా మేనల్లుడు బరంపురంలో చదువుకునే రోజుల్లో రాసిచ్చిన ప్రోగ్రాం అది. వెనకాల మైఎస్‌క్యూఎల్ 5.5 అనే, డేటా దాచే సర్వర్ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఖాతాదారుల పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. పాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందని విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. అందులో మైఎస్‌క్యూఎల్ 8.0 వేస్తుంటే ‘ఇనిషియలైజింగ్ డేటాబేస్’ అన్న చోట ఎర్ర గుర్తు పడి ఆగిపోతోంది. ఐదుసార్లు తీసేసి మళ్లీ వేశాను. విండోస్ మళ్లీ వేయాల్సివస్తే సి డ్రైవ్‌లోవన్నీ పోతాయని, డేటాకి డి డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసి చూపించాను. లాగ్‌లో, అంటే ఏం జరిగిందో ఇన్‌స్టాలర్ రాసి చూపించే చోట, వచ్చిన వరుసలు వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. మేనల్లుడు పుణేలో ఉద్యోగంలో ఉన్నాడు, ఆదివారం తప్ప దొరకడు. దసరా సరుకు దిగేలోపు ఇది తేలకపోతే ఎలా అని టెన్షన్‌గా ఉంది. పాత కంప్యూటర్‌లోని డేటా ఫోల్డర్‌ని అలాగే తెచ్చి కొత్తదాంట్లో పెట్టేయవచ్చా? అది కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఆ లాగ్ వరుసలు రాసి పంపారు కాబట్టే మీకు సూటిగా జవాబు చెప్పగలుగుతున్నాను. బరంపురంలో కంప్యూటర్ల రిపేరు మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లయింది. సర్వర్ ఇన్‌స్టాల్ కాలేదని వచ్చేవాళ్లలో ఎక్కువమంది లాగ్ ట్యాబ్ తెరిచి కూడా చూడరు. తీసేస్తారు, మళ్లీ వేస్తారు. మీరూ ఐదుసార్లు వేశారు, ఐదుసార్లూ సర్వర్ ఒకే కారణం చెప్పింది.

మీరు రాసిన రెండో వరుస చూడండి. ‘కాంట్ చేంజ్ డిర్’ అని ఉంది. ఫలానా ఫోల్డర్‌లోకి వెళ్లలేకపోతున్నానని సర్వర్ అంటోంది. ఏ ఫోల్డర్? డి డ్రైవ్ పేరు, ఆ తర్వాత వరసగా ప్రశ్న గుర్తులు. చివర ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’, అంటే అలాంటిది ఏదీ లేదని. ఆ ఫోల్డర్‌కి ఏం పేరు పెట్టారో మీరు ఉత్తరంలో చెప్పలేదు. కానీ ఆ ప్రశ్న గుర్తులు చూస్తే తెలుస్తోంది, తెలుగు అక్షరాల్లోనో ఒడియా అక్షరాల్లోనో పెట్టి ఉంటారు.

విండోస్‌లో ఒక ఫైలును అడగడానికి రెండు దారులున్నాయి. కొత్త దారి యూనికోడ్. అందులో ఏ లిపి అయినా పడుతుంది. మీరు ఫోల్డర్ చేసినప్పుడు తెలుగు పేరు చక్కగా కనిపించింది అందుకే. పాత దారి ఏఎన్‌ఎస్‌ఐ కోడ్ పేజీలది. రష్యన్‌కి, గ్రీకుకి, చైనీస్‌కి అందులో పట్టికలు ఉన్నాయి. తెలుగుకి, ఒడియాకి అసలు పట్టికే లేదు. మైఎస్‌క్యూఎల్ సర్వర్ విండోస్‌లో ఫోల్డర్ల దారిని ఆ పాత పద్ధతిలో అడుగుతుంది. పట్టికలో లేని ప్రతి అక్షరం చోటా ఒక ప్రశ్న గుర్తు పడుతుంది. ఫైలు పేర్లలో, ఫోల్డర్ పేర్లలో ప్రశ్న గుర్తును విండోస్ ఒప్పుకోదు. కాబట్టి సర్వర్ వెతుకుతున్న ఫోల్డర్ ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు.

మీరు తెలుగులో పేరు పెట్టడం తప్పని నేను అనను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆ ఊళ్లో దుకాణం లెక్కల ఫోల్డర్‌కి తెలుగు పేరు ఉండడం నాకైతే సంతోషంగా ఉంది. ఈ లోపం సాఫ్ట్‌వేర్‌ది. దాన్ని తప్పించుకోడానికి ఫోల్డర్ పేర్ల వరకు ఇంగ్లీష్ అక్షరాలు వాడి, లోపల ఖాతాలన్నీ తెలుగులో, ఒడియాలో పెట్టుకోండి.

ఇప్పుడు చేయాల్సిన పని. మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాలర్ తెరిచి సర్వర్‌ని ‘రిమూవ్’ చేయండి. విండోస్ సర్వీసుల జాబితా తెరిచి, మైఎస్‌క్యూఎల్80 అన్న పేరు ఇంకా ఉందేమో చూడండి. ఉంటే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్‌సీ డిలీట్’ అని కొట్టి, పక్కన ఆ సర్వీసు పేరు ఇస్తే పోతుంది. సి డ్రైవ్‌లో ‘ప్రోగ్రాం డేటా’ అనే దాచిన ఫోల్డర్ ఉంటుంది. దానిలోని మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో సగం సగం తయారైన ఫైళ్లు మిగిలి ఉండవచ్చు. ఈ ల్యాప్‌టాప్‌లో మీ ఖాతాలు ఇంకా ఎక్కలేదు కాబట్టి అది తీసేయడానికి భయం లేదు. పాత కంప్యూటర్‌లో మాత్రం ఆ ఫోల్డర్ జోలికి వెళ్లకండి. తర్వాత డి డ్రైవ్‌లో ‘ఖాతా’ అని ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొత్త ఫోల్డర్ చేయండి. ఒకసారి రీస్టార్ట్ చేసి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డేటా డైరెక్టరీ అన్న చోట దాన్ని చూపించండి. ఈసారి ఆ మెట్టు దాటుతుంది.

ఆ మెట్టుకి ముందే పాస్‌వర్డ్ పద్ధతి అడిగే తెర వస్తుంది. అక్కడ రెండోదైన ‘లెగసీ అథెంటికేషన్’ ఎంచుకోండి. 8.0 నుంచి పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది. 5.5 కాలంలో రాసిన ప్రోగ్రాంకి కొత్త పద్ధతి తెలియదు. ఇన్‌స్టాల్ అయ్యి కూడా మీ ప్రోగ్రాం తెరుచుకోకపోతే కారణం చాలావరకు ఇదే అవుతుంది. 8.0కి దాన్ని తయారుచేసే ఒరాకిల్ కంపెనీ మద్దతు 2026 ఏప్రిల్ వరకే, ఆ తర్వాతి వరస 8.4. అయినా ముందు 8.0 మీదే దుకాణం నడిపించుకోండి, ఎందుకంటే 8.4లో పాత పాస్‌వర్డ్ పద్ధతి మూసివేసి వస్తుంది. మేనల్లుడు తీరిగ్గా ఉన్న రోజున ప్రోగ్రాంలోని కనెక్టర్ (ప్రోగ్రాంని సర్వర్‌తో కలిపే భాగం) మార్పించి, అప్పుడు 8.4కి వెళ్లండి.

డేటా ఫోల్డర్‌ని అలాగే తెచ్చి పెట్టవచ్చా అన్నారు. వద్దమ్మా. 5.7లో ఉన్న ఫైళ్లనే 8.0 మార్చుకోగలదు. 5.5 నుంచి ఒక్క దూకులో అది కుదరదు. పాత కంప్యూటర్‌లోనే ‘మైఎస్‌క్యూఎల్‌డంప్’ అనే ప్రోగ్రాం ఉంటుంది. దానితో మీ దుకాణం డేటాబేస్ ఒక్కటే డంప్ తీయండి, అంటే ఖాతాలన్నీ ఒక టెక్స్ట్ ఫైలులోకి రాయించండి. ‘ఆల్ డేటాబేసెస్’ అని తీస్తే పాత సర్వర్ సొంత పట్టికలు (డేటాబేస్ టేబుళ్లు) కూడా వచ్చి కొత్తదాన్ని పాడుచేస్తాయి. విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ అనే ఇంకో కమాండ్ తెరలో బాణం గుర్తుతో ఫైల్‌లోకి పంపితే అక్షరాల ఎన్‌కోడింగ్ మారిపోతుంది, కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లోనే తీయండి.

నాకు ఎక్కువ బెంగగా ఉన్నది ఈ తర్వాతి సంగతి. డంప్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఖాతాదారుల పేర్లు చూడండి. తెలుగు తెలుగులాగే కనిపిస్తే నిశ్చింతగా కొత్త సర్వర్‌లోకి ఎక్కించండి. నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లీష్ ‘ఎ’, పక్కన ఎండ వేడికి రాసే డిగ్రీ సున్నా, ఇలా జంటలు జంటలుగా వరసలు కనిపిస్తే అక్కడితో ఆగండి. 5.5లో ఏమీ చెప్పకపోతే పట్టికలు లాటిన్1 అనే పద్ధతిలో తయారయ్యేవి. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి పేరు యూటీఎఫ్-8. తెలుగు అక్షరం ఒక్కొక్కటీ అందులో మూడు బైట్లు. ఆ మూడు బైట్లను పాత సర్వర్ మూడు వేర్వేరు ఇంగ్లీష్ గుర్తులనుకుని దాచిపెట్టింది. మీ ప్రోగ్రాం అలాగే తీసి అలాగే చూపించడంతో ఇన్నాళ్లూ బయటపడలేదు. ఈ స్థితిలో పేర్లు పోలేదు, వెనక్కి తేవచ్చు. డంప్‌ని లాటిన్1గా మళ్లీ తీసి, ఫైలు పైభాగంలో ‘సెట్ నేమ్స్’ అన్న చోట, పట్టికల నిర్వచనాల్లో లాటిన్1 అని ఉన్న చోట్ల యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8కి పెట్టిన పేరు) అని మార్చి ఎక్కించాలి. ఇది మీరొక్కరే చేయకండి, ఆదివారం మేనల్లుడిని ఫోన్‌లో పెట్టుకుని చేయండి. పేర్ల చోట ఉత్త ప్రశ్న గుర్తులే ఉంటే మాత్రం ఆ పేర్లు మళ్లీ రావు, పాత ఖాతా పుస్తకం చూసి ఎక్కించాల్సిందే.

మేనల్లుడికి ఇంకో మాట చెప్పండి. పేరు కాలమ్ పొడవు పెంచమనండి. ‘లక్ష్మి’ మన కంటికి రెండక్షరాలు. మైఎస్‌క్యూఎల్ లెక్కలో ఏడు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. లాటిన్1లో దాచినదైతే ఇరవై ఒకటి. కాలమ్‌లో చోటు చాలకపోతే 5.5 మామూలుగా చెప్పకుండానే మిగతాది కోసేసేది. మీ ఖాతాల్లో చివర తెగిపోయిన పేర్లేమైనా ఉంటే అందుకే. 8.0 అలా కోయదు, ఎర్రర్ ఇస్తుంది.

డి డ్రైవ్‌లో పెడితే భద్రం అనుకున్నారు. విండోస్ మళ్లీ వేసేటప్పుడు అది నిజమే. కానీ మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటే డిస్కు అయితే సి, డి రెండూ ఒకే పొలంలో గట్టు వేసి విడదీసిన మడుల లాంటివి. డిస్కు పోతే రెండూ పోతాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మీ గజపతి జిల్లా ఏమైపోయిందో మీరు కళ్లారా చూశారు. ఆ నెలంతా నా బల్ల మీద బురద పట్టిన సీపీయూలే. ఒక దుకాణదారు తన సీపీయూని తువ్వాల్లో చుట్టి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. పదకొండేళ్ల బాకీలు అందులో ఉన్నాయన్నాడు. నేను ఒక్క ఫైలు కూడా తీసివ్వలేకపోయాను. వారానికోసారి డంప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్ని దుకాణంలో ఉంచకుండా మీ పుట్టింట్లోనో, పాతపట్నంలో ఎవరైనా చుట్టాలుంటే వాళ్లింట్లోనో పెట్టండి.

కొత్తదాంట్లో పది ఖాతాలు తెరిచి పాతదాంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, వాటిలో ఒడియా పేర్లు నాలుగైనా ఉండాలి. పండగ గిరాకీ అయ్యేదాకా పాత కంప్యూటర్‌ని ఎవరికీ ఇవ్వకండి.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్నాను. వెబ్‌సైట్లు మన కంప్యూటర్‌లోనే నడిపి చూసుకునే జాంప్ అనే సాఫ్ట్‌వేర్‌లో మైఎస్‌క్యూఎల్ స్టార్ట్ నొక్కగానే ‘షట్‌డౌన్ అనెక్స్‌పెక్టెడ్లీ’ అని ఆగిపోతోంది. పోయిన వారమే విడిగా మైఎస్‌క్యూఎల్ 8.0 కూడా వేశాను. డేటా ఫోల్డర్‌లో ఫైళ్లు తీసేస్తే పనిచేస్తుందని ఫ్రెండ్ అంటున్నాడు. తీసేయనా?
– ఒక విద్యార్థి, గుణుపురం

జవాబు: తీసేయకు తమ్ముడూ. విడిగా వేసిన సర్వర్ 3306 పోర్టు, అంటే ప్రోగ్రాంలు సర్వర్‌తో మాట్లాడే నంబరు తలుపు, పట్టుకుని కూర్చుంది. జాంప్‌లోదీ అదే పోర్టు అడుగుతుంది. ఒక పోర్టు మీద ఇద్దరు కూర్చోలేరు. సర్వీసుల జాబితాలో మైఎస్‌క్యూఎల్80ని ఆపి జాంప్ నడిపి చూడు. రెండూ కావాలంటే జాంప్‌లోని ‘మై డాట్ ఐఎన్‌ఐ’ ఫైల్లో 3306 ఉన్న చోట్ల 3307 చేసి, నీ ప్రోగ్రాంలో కూడా మార్చు. అప్పటికీ ఆగిపోతే డేటా ఫోల్డర్‌లోని ఎర్రర్ లాగ్ చివరి ఇరవై వరుసలు నాకు పంపు. ఇంకో సంగతి, జాంప్‌లో పేరు మైఎస్‌క్యూఎల్ అని కనిపించినా లోపల ఉన్నది మరియాడీబీ అనే వేరే సర్వర్. దాని ఫైళ్లు తీసుకెళ్లి 8.0 ఫోల్డర్‌లో వేయకు.

నీ ఫ్రెండ్ చెప్పిన పని నేను ఒకప్పుడు చేశాను. ఒక ట్యూషన్ సెంటర్ కంప్యూటర్‌లో సర్వర్ లేవడం లేదని, డేటా ఫోల్డర్‌లో పట్టికల సమాచారం దాచే ఐబీడేటా1 అనే ఫైలు తీసేశాను. సర్వర్ వెంటనే లేచింది. పట్టికల పేర్లన్నీ వరసగా కనిపించాయి, ఒక్కటీ తెరుచుకోలేదు. రెండు బ్యాచ్‌ల ఫీజు లెక్కలు అందులో ఉన్నాయి. ఇప్పుడు ఎవరి డేటా ఫోల్డర్ ముట్టుకోవాల్సి వచ్చినా, ముందు సర్వీసు ఆపి, ఆ ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కుకి కాపీ తీస్తాను. కాపీ అవడానికి గంట పట్టినా కూర్చుంటాను. నువ్వూ ముందు కాపీ తీసుకుని, తర్వాతే పోర్టు సంగతి చూడు.