చీనీ గ్రూపులో అడిగితే ఎవరూ పలకరేం?

ప్రశ్న: మాకు మూడెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. మా అబ్బాయి నన్ను చీనీ రైతుల వాట్సాప్ గ్రూపులో చేర్పించాడు. పొద్దున లేస్తే వందల మెసేజీలు. సగం గుడ్ మార్నింగ్ పూలు, దేవుళ్ల ఫొటోలే. 'ఆకు పండుబారుతాంది, ఏం మందు కొట్టాల?' అని రెండుసార్లు పెట్టినా ఒక్కరూ పలకలేదు. ఈ గ్రూపులో ఉండి ఏం లాభం?
– ఒక రైతు, గార్లదిన్నె

జవాబు: కోపం తెచ్చుకోవద్దు పెద్దాయనా. మీరు కొత్తవారని ఊరుకోలేదు. మీరడిగిన తీరుకు తెలిసినవాడు కూడా జవాబు చెప్పలేడు. చీనీలో ఆకు పండుబారడానికి కారణాలు చాలా ఉన్నాయి. ముదురాకులు మొత్తంగా పసుపైతే నత్రజని తక్కువైందేమో చూడాలి. లేతాకులు చిన్నవైపోయి ఈనెల మధ్య పసుపు పడితే జింకు లోపం అనుకుంటారు. ఈనెలు మాత్రం పచ్చగా వలలా మిగిలి తక్కిన ఆకంతా పాలిపోతే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. ఈనెకు ఒక పక్క ఒక రకంగా, రెండో పక్క ఇంకో రకంగా మచ్చలొస్తే గ్రీనింగ్ తెగులేమోనని భయపడాలి. వేరు కుళ్లినా చెట్టు పండుబారుతుంది. ఇన్నిటిలో దేనికని మందు చెప్పాలి? అలాంటి ప్రశ్నకు వెంటనే పలికేది ఇద్దరే: ఏమీ తెలియనివాడు, మందు అమ్ముకునేవాడు. మీకు ఆ ఇద్దరూ తగల్లేదు, సంతోషించండి.

మా గ్రూపులో ఇలాంటి ప్రశ్న వస్తే అడ్మిన్‌గా నేను ముందు అడిగేది 'లేతాకా, ముదురాకా?' అని. మీరు ఈసారి ఇలా పెట్టి చూడండి: 'చీనీ, ఎనిమిదేళ్ల చెట్లు, ఎర్రనేల, డ్రిప్పు. ఇరవై రోజులుగా లేతాకులే పసుపవుతున్నాయి, ముదురాకులు బాగున్నాయి. తోటంతా కాదు, గట్టు పక్క రెండు సాళ్లలోనే. పోయిన నెల యూరియా వేశాను, వేరే ఏమీ వేయలేదు.' మీ తోటలో ఉన్నది ఉన్నట్టు రాయండి. దీంతోపాటు చెట్టు మొత్తం, ఒక కొమ్మ, అరచేతిలో పెట్టుకున్న ఆకు ముందూ వెనకా ఫొటోలు. పగటి వెలుతురులో తీయండి. రాత్రి టార్చి వేసి తీస్తే ఆకు అసలు రంగు తెలియదు.

టైపు చేయడం కష్టమైతే కీబోర్డు మీది మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే అక్షరాలు పడతాయి. మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు, పనిలో ఉన్నవాడు వినడు. పొద్దున్నే పెడితే గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది, రాత్రి భోజనాల తర్వాత పెట్టండి. ఎవరైనా జవాబిస్తే ఆ మెసేజీని కుడికి జరిపి దాని కిందే రాయండి, ఎవరికి చెబుతున్నారో తెలుస్తుంది. మందు మోతాదు మాత్రం గ్రూపు మాట మీద కొట్టకండి. ఆకులు తీసుకుని రైతు సేవా కేంద్రానికో, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికో వెళ్లండి. తర్వాత తగ్గిందా, తగ్గలేదా గ్రూపులో చెప్పండి. చాలామంది ఇది చేయరు. మందు చెప్పించుకుని మాయమైన మనిషికి రెండోసారి ఎవరు పలుకుతారు?

ప్రశ్న: ఇంట్లో బట్టలు కుడతాను. డిజైన్లు నేర్చుకుందామని ఒక టైలరింగ్ గ్రూపులో చేరితే తెలియని మగవాళ్లు ఫోన్లు చేస్తున్నారు. బయటికొచ్చేస్తే అందరికీ తెలిసి బాగుండదేమోనని టెన్షన్.
– ఒక సోదరి, ఆదోని

జవాబు: వచ్చేయండమ్మా, మొహమాటం ఎందుకు? వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు, మామూలుగా మీ నంబరు వాళ్లందరికీ కనిపిస్తుంది. మీరు బయటికొస్తే ఆ కబురు అడ్మిన్లకే వెళ్తుంది. గతంలో ఉన్నవాళ్ల జాబితాలో 60 రోజుల పాటు మీ పేరుంటుంది గానీ, పనిగట్టుకుని చూసేవాళ్లు తక్కువ. సెట్టింగుల్లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ తెరిచి 'మై కాంటాక్ట్స్' పెట్టుకుంటే తెలియనివాళ్లు మిమ్మల్ని నేరుగా ఏ గ్రూపులోనూ చేర్చలేరు. డిజైన్ల కోసమే అయితే టెలిగ్రామ్ గ్రూపులు చూడండి. అక్కడ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చు, మీరు చేరకముందు పెట్టిన డిజైన్లు కూడా చాలా గ్రూపుల్లో చూడవచ్చు. ఫోన్లు చేసినవాళ్లను బ్లాక్ చేసి, వాళ్ల నంబర్లు అడ్మిన్‌కు పంపండి.

ప్రశ్న: మా పాత కాలేజీ గ్రూపులో ఒకాయన రోజూ 'ఈ లింకు నొక్కితే ఉచిత ల్యాప్‌టాప్' లాంటివి పెడతాడు. అబద్ధమని అందరిలో చెబితే గొడవకొచ్చాడు.
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అందరిలో అంటే ఎవరికైనా రోషం వస్తుంది. ఆయన మెసేజీని నొక్కి పట్టుకుంటే విడిగా జవాబిచ్చే వీలు కనిపిస్తుంది, అక్కడ చెప్పండి. మెసేజీ మీద రెండు బాణాల గుర్తుంటే అది ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, అదే చూపించండి. లింకును మాత్రం అడ్మిన్ తీసేయాలి, ఎవరి మెసేజైనా అందరి ఫోన్లలో చెరిపే వీలు ఆయనకుంది. ఒకవేళ అడ్మిన్ కూడా ఆయనే అయితే గ్రూపును మ్యూట్ చేసుకోండి. ఎనిమిది గంటలు, వారం, ఎప్పటికీ అని మూడు రకాలుంటాయి. మీ ఓపికను బట్టి!