శని, ఆదివారాల రైడ్లు రెండూ కలిపి ఒకేసారి వంద కిలోమీటర్లు తొక్కితే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: ఉండేది వైజాగ్ ఎంవీపీ కాలనీలో. శనివారం ఒకసారి, ఆదివారం ఒకసారి సైకిల్ మీద భీమిలి పోయి వస్తారు, రోజుకి దాదాపు 50 కిలోమీటర్లు. రెండు రోజులూ పొద్దున్నే మాయమైపోతున్నారని ఇంట్లో గొడవ. రెండూ కలిపి ఆదివారం ఒకేసారి 100 తొక్కేస్తే శనివారం ఇంట్లో ఉండొచ్చు కదా, దానివల్ల ట్రైనింగ్ దెబ్బతింటుందా? మున్ముందు 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన టైమ్ లోపు పూర్తి చేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) చేయాలని ఉందన్నారు, షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పారన్నారు.

కలపొచ్చండి. అయితే ప్రతి వారం వద్దు, మన వైజాగ్‌లో అన్ని నెలల్లోనూ వద్దు. నేను శీతాకాలంలో వారం విడిచి వారం కలుపుతాను, ఎండలు మొదలవగానే మళ్లీ రెండుగా విడదీస్తాను.

ముందు గాలి సంగతి, ఎందుకంటే ఇక్కడ సగం ట్రైనింగ్ దానిదే. వేసవిలో మనకి గాలి నైరుతి నుంచి. భీమిలి వైపు పోతున్నంతసేపూ వెనక నుంచి తోస్తుంది, స్పీడ్ చూసుకుని మురిసిపోతాం. వెనక్కి తిరిగాక అదే గాలి మొహానికి కొడుతుంది, దానికి తోడు పొద్దెక్కి ఎండ, ఉప్పు గాలి ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్లు చల్లబడదు. 50 అయితే ఏడున్నర లోపు ఇంటికొచ్చేస్తాం కాబట్టి నడిచిపోతుంది. 100 అంటే గంటకి 20 చొప్పున తొక్కినా ఐదు గంటలు, టిఫినూ నీళ్లూ కలిపితే ఆరు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరినా చివరి గంటలు పదింటి ఎండలో, ఎదురుగాలిలో పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో అది ట్రైనింగ్ కాదు, శిక్ష. నవంబర్ నుంచి జనవరి దాకా గాలి ఈశాన్యానికి మారుతుంది. పోయేటప్పుడు కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఎదురుగాలి, అలసిపోయి వచ్చేటప్పుడు వెనక నుంచి సాయం. తుపాను హెచ్చరికలు లేని వారం చూసుకుంటే మీ మొదటి వందకి అదే సరైన కాలం.

ఇక అసలు ప్రశ్న. 50, 50 కలిపితే దూరం వందే అవుతుంది గానీ ఒంటికి రెండూ ఒకటి కావు. శనివారం తొక్కి, రాత్రి నిద్రపోయి, ఆదివారం అలసిన కాళ్లతో మళ్లీ ఎక్కడం ఒక రకం సాధన. ఆగకుండా నాలుగో గంట, ఐదో గంట తొక్కడం ఇంకో రకం. 50 కిలోమీటర్ల రైడ్‌లో బయటపడని కష్టాలు కొన్ని మూడు గంటలు దాటాకే బయటపడతాయి. నాకైతే కాళ్ల కంటే ముందు చేతులు మొరాయించాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కేవి. అరచేతి అంచున పోయే నరం మీద బరువంతా పడితే అలా అవుతుంది. సీటు ముక్కు కిందికి వాలి ఉందేమో చూసి సమంగా పెట్టించుకున్నాను, ఐదు పది నిమిషాలకోసారి చేతులు పట్టుకునే చోటు మార్చడం అలవాటు చేసుకున్నాను, తగ్గింది. మెడ, నడుం, సీటు దగ్గర ఒరుసుకోవడం, ఇవి కూడా అంతే. బ్రెవే 200కి ఇచ్చే టైమ్ పదమూడున్నర గంటలు. స్పీడ్ పరంగా అది పెద్ద కష్టం కాదు, అంతసేపు సైకిల్ మీద కూర్చోగలగడమే కష్టం. ఆ అలవాటు విడివిడి యాభైలతో రాదు. అందుకే మీకు కలపమంటున్నాను.

తిండి లెక్క కూడా మారుతుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకే అడుగంటుతుంది. 50కి ఒక అరటిపండు, భీమిలిలో ఒక టీ చాలు. 100కి మొదటి గంట నుంచే తినాలి, ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లెక్క. ఒక అరటిపండులో 25 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, దానికి తోడు ఒక పల్లీ చిక్కీ. చాలామంది ఓఆర్ఎస్ కలుపుకుని అదే తిండి అనుకుంటారు. లీటరు ప్యాకెట్‌లో గ్లూకోజ్ 13.5 గ్రాములే, అది ఉప్పూ నీళ్లూ అందించడానికి, కాళ్లకి ఇంధనం కాదు. కొబ్బరి నీళ్లు మంచివే, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. కాబట్టి రెండు సీసాల్లో ఒకటి ఓఆర్ఎస్‌తో ఉంచుకోండి. షుగర్ బోర్డర్ అన్నారు కాబట్టి రైడ్‌లో ఏం తినాలో మీ డాక్టర్‌ని ఒకసారి అడగండి.

షుగర్ విషయంలోనే ఇంకో మాట. వ్యాయామం వల్ల ఇన్సులిన్ బాగా పనిచేసే గుణం ఒకటి రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు ఉంటుంది. అందుకే వరసగా రెండు రోజులకి మించి ఖాళీ వదలొద్దంటారు. వారమంతా కూర్చుని ఆదివారం ఒక్కరోజు వంద తొక్కడం మీకు పనికిరాదు. మంగళవారం, గురువారం ముప్పావుగంట చొప్పునైనా తొక్కండి. అందులో ఒక రోజు కొండ ఎక్కడం పెట్టుకోండి. తొట్లకొండ 128 మీటర్ల ఎత్తే గానీ రెండుసార్లు ఎక్కి దిగితే ఊపిరి తెలుస్తుంది. అది దూరం అనుకుంటే కైలాసగిరి వైపు ఎత్తు రోడ్లు మీకు దగ్గరే.

50 నుంచి ఒకేసారి 100కి దూకొద్దు. భీమిలి దాటి తగరపువలస దాకా పోయి వస్తే 70కి దగ్గరగా అవుతుంది. రెండు మూడుసార్లు అది హాయిగా అయ్యాక, ఇంకాస్త పెంచుకుంటూ విజయనగరం. పోయి వస్తే 100 దాటుతుంది. తిరుగు ప్రయాణంలో ఆనందపురం హైవే తొందరగా తెస్తుంది గానీ లారీలతో నాకు టెన్షన్, అలసిపోయినప్పుడు మరీను. నేను భీమిలి బీచ్ రోడ్డే పట్టుకుంటాను. మొదటి రెండు గంటలు పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా తొక్కండి. రైడ్ లెక్కలు చూపించే స్ట్రావా యాప్‌లో యావరేజ్ స్పీడ్ పడిపోతుంది, పడనివ్వండి.

ఇంట్లో గొడవ గురించి మాత్రం నిజం చెప్పాలి. శనివారం మిగులుతుంది, కానీ ఆదివారం మొత్తం పోతుంది. వంద తొక్కి వచ్చిన మనిషి స్నానం చేసి, తిని, సాయంత్రం దాకా పడుకుంటాడు. పొద్దున లేకపోవడం కంటే అదే మా ఇంట్లో ఎక్కువ కోపం తెప్పించింది. మీకు శనివారం సెలవే కాబట్టి లాంగ్ రైడ్ శనివారం పెట్టుకోండి. ఆదివారం ఇంట్లోనే ఉంటారు, కాళ్లకీ విశ్రాంతి, సోమవారం ఆఫీసులో కునుకుపాట్లూ ఉండవు. పైగా రుషికొండ దగ్గర ఆదివారం ఉండే బళ్ల రద్దీ శనివారం పొద్దున ఉండదు.

చీకట్లో బయల్దేరతారు కాబట్టి ముందు వెనక లైట్లు తప్పనిసరి. బీచ్ రోడ్డు పక్క ఊళ్ల దగ్గర కుక్కలు వెంటపడితే స్పీడ్ పెంచకండి, ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ దానికీ మధ్య ఉంచి నడవండి, చాలాసార్లు అదే వదిలేస్తుంది. రెండు ట్యూబులు, పంపు, ఆటోకి సరిపడా నగదు ఉంచుకోండి. తగరపువలస నుంచి సైకిల్ ఎక్కించుకుని తెచ్చే ఆటోలు దొరుకుతాయి, బేరం మాత్రం ఎక్కకముందే ఆడాలి.